పెంచుకున్న ఆటగాడికి లెక్కలో చోటు కావాలి

2025 జూన్ చివరి వారంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే బోస్టన్ సెల్టిక్స్ ఒక్క రోజు తేడాతో జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కూ, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకూ పంపించేసింది. అంతకు ఏడాది ముందు ఆ ఇద్దరితోనే ఆ జట్టు తన 18వ టైటిల్ గెలిచింది. వార్త వచ్చిన సాయంత్రం బోస్టన్‌లో ఉండే మిత్రుడు ఒకరు ఫోనులో ఇలా అన్నాడు: "వాళ్లు ఆట చాలక పోలేదు, జీతాల లెక్క కుదరక పోయారు. జీతాల రూలు ముప్పై జట్లకూ ఒకటే అయినప్పుడు మనం బాధపడి ఏం లాభం?" మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాటకు మాత్రం ఆ పూట నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఈ వ్యాసం.

రూలు అందరికీ ఒకటే అన్నది నిజమే. కానీ ఎన్‌బీఏ జట్లు అన్నీ ఒకే తోవలో ఖరీదైనవిగా మారవు. ఒక జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తెచ్చుకున్న కుర్రాళ్లను ఏళ్ల తరబడి తీర్చిదిద్ది, వాళ్లు పెద్దవాళ్లయ్యాక వాళ్లకు న్యాయంగా ఇవ్వవలసిన జీతం ఇచ్చి ఖరీదైనదవుతుంది. మరో జట్టు ఇతరులు తీర్చిదిద్దిన పెద్ద పేర్లను పోగేసుకుని ఖరీదైనదవుతుంది. లీగ్, ఆటగాళ్ల సంఘం మధ్య 2023 ఒప్పందంతో వచ్చిన సెకండ్ ఏప్రన్ (జట్టు జీతాల మొత్తానికి గీసిన అన్నిటికన్నా పై గీత) ఈ రెండింటికీ ఒకే శిక్ష వేస్తోంది. ఆ రెండింటినీ విడదీసి చూడకపోతే ట్రేడ్‌లు (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడులు) ఆటకు కాక పద్దుల పుస్తకానికి సేవ చేస్తాయని నా అభిప్రాయం.

ఒకే పుస్తకంలో రెండు మాటలు

1984–85 సీజన్‌లో క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) మొదలైనప్పుడు జట్టుకు 36 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. దానితో పాటే, తన దగ్గర ఉన్న ఆటగాణ్ణి నిలుపుకోవడానికైతే ఆ పరిమితి దాటవచ్చని మినహాయింపూ ఇచ్చారు. అప్పటి బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్ పేరుతో పిలిచే ఆ మినహాయింపు వెనక ఉన్న ఆలోచన చాలా మంచిది: ఒక ఊరు తనవాడిగా చూసుకుంటున్న ఆటగాణ్ణి కేవలం పరిమితి కోసం ఊరు దాటించవలసిన అవసరం రాకూడదు. ఇన్నేళ్లుగా ఎన్‌బీఏలో క్యాప్‌ను మించి ఖర్చు పెట్టే జట్లే ఎక్కువగా ఉండడానికి మూలం అదే.

2025–26లో క్యాప్ 15.46 కోట్ల డాలర్లు, లగ్జరీ ట్యాక్స్ గీత (దాటిన జట్టు లీగ్‌కు పన్ను కట్టాలి) 18.79 కోట్లు, కొన్ని ఆంక్షలు మొదలయ్యే ఫస్ట్ ఏప్రన్ 19.59 కోట్లు, సెకండ్ ఏప్రన్ 20.78 కోట్లు. చివరి గీత దాటిన జట్టు ట్రేడ్‌లో ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద జీతగాణ్ణి తెచ్చుకోకూడదు. పంపే జీతం కన్నా ఎక్కువ జీతాన్ని తీసుకోకూడదు. నగదు జోడించకూడదు. ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌ను (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆటగాణ్ణి ఎంచుకునే వంతును) కదిలించకూడదు. తర్వాతి సీజన్లలోనూ గీత దాటుతూ పోతే ఆ పిక్ రౌండ్ చివరికి జారిపోతుంది. ట్యాక్స్ ఒక్కటే ఉన్న రోజుల్లో డబ్బున్న ఓనరు చెక్కు రాసి తన జట్టును నిలుపుకోగలిగేవాడు. ఇప్పటి శిక్షలు చెక్కుతో తీరేవి కావు, అవి జట్టు నడిపేవాడి చేతులనే కట్టేస్తాయి.

అంటే బర్డ్ మినహాయింపు "నీవాణ్ణి నువ్వు ఉంచుకో" అంటుంది, ఏప్రన్ "ఉంచుకుంటే ఇక కదలలేవు" అంటుంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. బర్డ్ హక్కు ట్రేడ్‌తో పాటు ఆటగాడి వెంటే కొత్త జట్టుకు వెళ్తుంది కనక, ఆ మినహాయింపు కూడా చాలాకాలంగా పెంచినవాడినీ కొన్నవాడినీ వేరు చేయడం మానేసింది. ఏప్రన్ తెచ్చినవాళ్లకు కోపం తెప్పించింది కొన్నవాళ్లే కావచ్చు, దెబ్బ మాత్రం ఇద్దరికీ తగిలింది.

జీతం సరిపోయింది

ఆ మధ్య మా ఇంటికి భోజనానికి వచ్చిన స్నేహితుల అబ్బాయి ట్యాబ్‌లో ట్రేడ్ మెషిన్ (అటూ ఇటూ మారే జీతాలు నియమం ప్రకారం సరితూగుతాయో లేదో చూపే వెబ్ పేజీ) తెరుచుకుని కూర్చున్నాడు. ఏడో తరగతి పిల్లవాడు. ఒక పెద్ద ఆటగాణ్ణి తన జట్టుకు తేవాలని చూస్తున్నాడు. జీతాలు కుదరలేదని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడల్లా జాబితా అట్టడుగుకు వెళ్లి ఇంకో పేరును లాగి పెడుతున్నాడు. మూడో పేరుకు ట్రేడ్ ఒప్పుకుంది. ఆ మూడో ఆటగాడు ఏ పొజిషన్ ఆడతాడని అడిగాను. "తెలీదంకుల్, శాలరీ సరిపోయింది" అన్నాడు. వాడిని తప్పు పట్టడానికి లేదు. పెద్దలు చేసే పనినే వాడు నేర్చుకున్నాడు.

కార్ల్-ఆంథొనీ టౌన్స్ ట్రేడ్‌నే తీసుకోండి. 2024 వేసవిలో మినెసోటా, లీగ్ ఫైనల్‌కు ముందు మెట్టైన వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడి వచ్చింది. టౌన్స్ ఆ జట్టు 2015లో మొదటి పిక్‌తో తెచ్చుకున్న ఆటగాడు. కొత్త ఒప్పందం కింద 2024–25లో అతని జీతం 4.9 కోట్ల డాలర్లు దాటింది, జట్టు సెకండ్ ఏప్రన్ పైకి పోయింది. అక్టోబరు మొదట్లో అతన్ని న్యూయార్క్‌కు పంపి జూలియస్ రాండిల్‌ను, డాంటే డివిన్‌చెంజోను తెచ్చుకుంది. వాళ్లిద్దరి జీతాలు కలిపినా టౌన్స్ జీతానికి చాలా దూరంలో ఉండడంతో, న్యూయార్క్ అంతకు ముందు సీజన్‌లో తన బెంచీ చివర ఉన్న డాక్వాన్ జెఫ్రీస్, చార్లీ బ్రౌన్ జూనియర్, డ్వేన్ వాషింగ్టన్ జూనియర్‌లతో అప్పటికప్పుడు కాంట్రాక్టులు రాయించి షార్లెట్‌కు పంపింది. ఇలా సంతకం చేయించి పంపే కాంట్రాక్టు కనీసం మూడు సీజన్లది కావాలి, మొదటి ఏడాది జీతానికి హామీ ఉండాలి. వాళ్లను తీసుకున్నందుకు షార్లెట్‌కు డ్రాఫ్ట్ పిక్‌లు ముట్టాయి. పచారీ కొట్లో లెక్క తేలడానికి చేతిలో పెట్టే చిల్లరలా ముగ్గురు మనుషులు ఈ ట్రేడ్‌లో చేతులు మారారు.

ఇది ఏప్రన్‌తో మొదలైన పని కాదని కూడా చెప్పాలి. 2008 ఫిబ్రవరిలో లేకర్స్ పౌ గసోల్‌ను తెచ్చుకున్నప్పుడు జీతాలు కలవడం కోసం ఆరన్ మెకీతో కాంట్రాక్టు రాయించి మెంఫిస్‌కు పంపింది. అప్పటికి అతను ఆట మానేసి ఫిలడెల్ఫియాలో కోచ్‌లకు సాయంగా ఉంటున్నాడు. అదే నెలలో జేసన్ కిడ్‌ను న్యూజెర్సీ నుంచి తేవడానికి డాలస్ రెండుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది. మొదటిసారి డెవిన్ జార్జ్ తన కాంట్రాక్టు ఇచ్చిన హక్కుతో ట్రేడ్‌ను ఆపేశాడు. రెండోసారి జెర్రీ స్టాక్‌హౌస్ బదులుగా, 2006 తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఆడని కీత్ వాన్ హార్న్ సంతకంతో లెక్క కుదిరింది. ఆట ఆడనివాడి జీతం ఆట ఆడేవాణ్ణి కదిలించగలిగే పద్ధతి ఎన్‌బీఏలో పాతదే.

మెంఫిస్ వైపు నుంచి చూస్తే ఆ కథకు ఇంకో ముఖం ఉంది. ఆ ట్రేడ్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం పౌ తమ్ముడు మార్క్ గసోల్ మీది డ్రాఫ్ట్ హక్కులు. మార్క్ మెంఫిస్‌లోనే ఎదిగి 2013లో లీగ్ ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. లెక్క కోసం చేసిన ట్రేడ్‌లోంచి ఒక ఊరికి దశాబ్దం పాటు సొంత ఆటగాడు దొరికాడు. అందుచేత జీతాలు సరితూగాలన్న నియమమే చెడ్డదని నేను అనను. అది లేకపోతే లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ లాంటి ఊళ్లు కొంచెం ఇచ్చి చాలా పట్టుకుపోతాయి. నా అభ్యంతరం తూకం మీద కాదు, తూకంలో ఎవరి బరువు ఎంతగా లెక్కిస్తున్నారన్న దాని మీద.

డెన్వర్, ఫీనిక్స్

2023లో గెలిచిన డెన్వర్ జట్టుకు వెన్నెముక ముగ్గురు. నికోలా యోకిచ్ 2014లో 41వ పిక్, జమాల్ మర్రీ 2016లో ఏడవ పిక్, మైకేల్ పోర్టర్ జూనియర్ 2018లో 14వ పిక్. ముగ్గురూ ఆ జట్టులోనే మొదలయ్యారు. పోర్టర్ వెన్ను గాయంతో మొదటి సీజన్ మొత్తం ఆడకపోయినా జట్టు ఓపిక పట్టింది. 2025–26కి ఈ ముగ్గురి జీతాలు కలిపితే దాదాపు 14 కోట్ల డాలర్లు. సెకండ్ ఏప్రన్ లోపల ఉండాలంటే మిగతా జట్టంతటికీ దక్కేది 7 కోట్ల లోపే.

అందుకని ఆ జట్టు ఏడాదికి ఒకరిని వదులుకుంటూ వచ్చింది. టైటిల్ గెలిచిన వెంటనే బ్రూస్ బ్రౌన్ వెళ్లిపోయాడు. ఏడాది మాత్రమే ఉన్న ఆటగాడు కనక పాత జీతానికి 120 శాతం మించి ఇచ్చే వీలు డెన్వర్‌కు లేదు. ఇండియానా రెండేళ్లకు 4.5 కోట్లు ఇచ్చింది. తర్వాతి వేసవిలో కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్ ఒర్లాండోకు వెళ్లాడు. 2025లో పోర్టర్ వంతు వచ్చింది. అతన్నీ, 2032 నాటి ఫస్ట్ రౌండ్ పిక్‌నూ బ్రూక్లిన్‌కు ఇచ్చి, అతని జీతంలో సగానికి కాస్త ఎక్కువ జీతం ఉన్న క్యామరాన్ జాన్సన్‌ను తెచ్చుకున్నారు. సొంతంగా పెంచుకున్న ఆటగాడికి తోడుగా ఏడేళ్ల తర్వాతి పిక్‌ను కూడా ఇచ్చి జీతాల జాబితాలో చోటు కొనుక్కోవడమే ఇది.

బ్రూస్ బ్రౌన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నియమాలు ట్రేడ్‌లను ఎలా మలుస్తాయో అందులో బాగా కనిపిస్తుంది. ఇండియానా అతనికి ఇచ్చిన జీతం ఆట విలువకు మించినదని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2024 జనవరిలో అదే జీతం పాస్కల్ సియాకమ్‌ను టొరంటో నుంచి తేవడానికి కావలసిన బరువు అయింది. సియాకమ్‌తో ఇండియానా 2025 ఫైనల్‌కు చేరింది. అంటే క్యాప్‌లో చోటు ఉన్న జట్టు పెద్ద జీతం రాయడం ఒక్కోసారి ఆటగాణ్ణి కొనడం కాదు, రేపటి ట్రేడ్‌కు తూకపు రాయిని సిద్ధం చేసుకోవడం. ఇండియానా దీన్ని తెలివిగా చేసింది. డెన్వర్‌కు ఆ దారి మూసుకుపోయింది, ఎందుకంటే దాని జాబితా అప్పటికే సొంత ఆటగాళ్లతో నిండి ఉంది.

ఇప్పుడు ఫీనిక్స్‌ను చూడండి. డెవిన్ బుకర్ ఒక్కడే ఇంటి మనిషి. 2023లో కెవిన్ డ్యురాంట్‌ను, ఆ వెంటనే బ్రాడ్లీ బీల్‌ను తెచ్చుకున్నారు. బీల్ కాంట్రాక్టులో అతని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు ఉంది, సెకండ్ ఏప్రన్ పైన ఉన్న జట్టు జీతాలు కలిపి పంపలేదు. దానితో 2025 ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్ కోసం ఎంత ప్రయత్నించినా దారి దొరకలేదు. 36 గెలుపులు, 46 ఓటములతో ప్లేఆఫ్స్ కూడా దక్కలేదు. ఆ వేసవిలో డ్యురాంట్ ఏడు జట్ల ట్రేడ్‌లో హ్యూస్టన్‌కు వెళ్లాడు, బీల్‌కు డబ్బిచ్చి పంపేశారు. ఏప్రన్ ఇక్కడ తన పని తాను సక్రమంగా చేసింది. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. కానీ ఇదే కొలబద్ద డెన్వర్‌కూ వర్తించడం నాకు న్యాయంగా తోచదు.

బోస్టన్ నా వాదానికి అంత సులువుగా లొంగదు. హాలిడే, పోర్జింగిస్ ఇద్దరూ ట్రేడ్‌లో వచ్చినవాళ్లే. అయితే వాళ్లకు చోటు లేకుండా చేసింది జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్‌ల జీతాలు. ఇద్దరూ బోస్టన్ డ్రాఫ్ట్ చేసినవాళ్లే. 2025–26లో వాళ్లిద్దరికే 10.7 కోట్లు, క్యాప్‌లో మూడింట రెండు వంతుల పైచిలుకు. పైగా మే నెలలో టేటమ్ మడమ నరం తెగిపోవడంతో, ఎలాగూ గెలవలేని సీజన్‌కు అంత మూల్యం ఎందుకన్న ప్రశ్న కూడా వచ్చింది. గాయం లేకపోతే ఏం చేసేవారో చెప్పలేం. కాబట్టి బోస్టన్‌ను నా పక్షాన సగం సాక్షిగానే నిలబెడుతున్నాను.

నిలుపుకోవడానికి చేసిన రూలు

2017 ఒప్పందంలో సూపర్‌మ్యాక్స్ వచ్చింది. పెద్ద గౌరవాలు పొందిన ఆటగాడికి అతని సొంత జట్టు మాత్రమే క్యాప్‌లో 35 శాతం దాకా ఇవ్వగలదు. అతను ఊరు మారకుండా ఉండాలన్నదే దాని ఉద్దేశం. ఆ రూలు అమలులోకి రాకముందే, 2017 ఫిబ్రవరిలో శాక్రమెంటో జట్టు డిమార్కస్ కజిన్స్‌ను న్యూ ఆర్లీన్స్‌కు పంపించింది. శాక్రమెంటోలోనే ఉండి ఉంటే ఆ వేసవిలో అతనికి దాదాపు 20.9 కోట్ల డాలర్ల ఒప్పందానికి అర్హత ఉండేది. ట్రేడ్‌తో అది పోయింది. 2018 జనవరిలో అతని మడమ నరం తెగింది. ఆ వేసవిలో గోల్డెన్ స్టేట్‌లో 53 లక్షల డాలర్లకు చేరాడు.

ఎనిమిదేళ్ల తర్వాత లూకా డాన్సిచ్. 2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి వేళ డాలస్ అతన్ని లేకర్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తీసుకుంది. అంతకు ముందు జూన్‌లోనే డాన్సిచ్ జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు, వయసు 25. ఆ సీజన్‌లో ఇద్దరి జీతాలూ 4.3 కోట్ల చొప్పున దాదాపు సమానం కనక, ఇంత పెద్ద ట్రేడ్ జీతాల లెక్కలో దాదాపు అడ్డు లేకుండా సాగిపోయింది. వేసవి దాకా డాలస్‌లోనే ఉండి ఉంటే డాన్సిచ్‌కు దాదాపు 34.5 కోట్ల సూపర్‌మ్యాక్స్ అర్హత వచ్చేది. ట్రేడ్ తర్వాత అతను లేకర్స్‌తో మూడేళ్లకు 16.5 కోట్ల ఒప్పందం చేసుకున్నాడు. డాలస్ అప్పటి జనరల్ మేనేజర్ నీకో హారిసన్ డిఫెన్స్‌ను ప్రధాన కారణంగా చెబుతూనే, రాబోయే వేసవిలో తలెత్తగల చిక్కును ముందే దాటామన్న అర్థం వచ్చేలా కూడా మాట్లాడారు. అభిమానులు అరీనా బయట శవపేటిక పెట్టి నిరసన తెలిపారు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల్లోని తెలుగు ఇళ్లలో పిల్లలు డాన్సిచ్ 77 నంబరు జెర్సీతో పెరిగారు. అక్కడి బంధువులతో ఆ వారమంతా ఫోనులో వేరే మాట లేదు.

డాన్సిచ్ ట్రేడ్‌కు సూపర్‌మ్యాక్స్ ఒక్కటే కారణమని నేను అనడం లేదు. ఫిట్‌నెస్ మీద అనుమానాలు, వ్యక్తుల మధ్య పొసగకపోవడం కూడా ఉండి ఉంటాయి. కానీ సెకండ్ ఏప్రన్ లేని కాలంలో 35 శాతం జీతం ఓనరు జేబుకు సంబంధించిన విషయం. ఏప్రన్ కాలంలో అది పక్కనున్న పద్నాలుగు మంది భవిష్యత్తుకు సంబంధించిన విషయం అయిపోయింది. నిలుపుకోవడానికి ఇచ్చిన బహుమతే నిలుపుకోవడానికి భయపడే కారణం అవుతోంది.

నాకు జవాబు చెప్పే వాదనలు

మిత్రుడు నా ముందు పెట్టిన బలమైన వాదన ఏమిటంటే, 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి, 2025 ఫైనల్ ఓక్లహోమా సిటీ, ఇండియానాల మధ్య జరిగింది, చిన్న ఊళ్లకు ఇంతకన్నా ఏం కావాలి అని. సంతోషించవలసిన విషయమే. కానీ ఆ ఏడింటిలో టొరంటో, లేకర్స్, మిల్వాకీ, గోల్డెన్ స్టేట్, డెన్వర్ గెలిచింది సెకండ్ ఏప్రన్ రాకముందు. ఐదేళ్ల పంటను తర్వాత వచ్చిన రూలు ఖాతాలో వేయలేం.

రెండో వాదన మినెసోటాది. టౌన్స్‌ను పంపాక కూడా ఆ జట్టు 2025లో మళ్లీ కాన్ఫరెన్స్ ఫైనల్‌కు వెళ్లింది; న్యూయార్క్ కూడా వెళ్లింది. లెక్క కోసం చేసిన ట్రేడ్ ఇద్దరికీ మేలే చేసింది. డెన్వర్‌కు కూడా జాన్సన్‌తో పాటు బెంచీ నిండింది, బ్రూస్ బ్రౌన్ తిరిగి వచ్చాడు. దీన్ని నేను కొట్టిపారేయలేను. బలవంతంగా చేసిన పనిలోంచి కూడా మంచి ఫలితం రావచ్చు. అయినా ఫలితం బాగుందని బలవంతం సరైనదైపోదు.

మన ఐపీఎల్‌లో ఇంతకన్నా కఠినం కదా అని అనేవాళ్లున్నారు. నిజమే, 2025 వేలానికి ముందు సన్‌రైజర్స్ 120 కోట్ల రూపాయల పర్స్‌లో 75 కోట్లు అయిదుగురికే పెట్టి, వాళ్లలో ఒకడైన మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు నిలుపుకుంది. మిగతా జట్టంతా వేలంలో చెల్లాచెదురు. కానీ అక్కడ సీజన్ రెండు నెలలు, ఆటగాడికి దేశం జట్టు అనే మరో ఇల్లు ఉంది. ఎన్‌బీఏలో 82 మ్యాచ్‌ల ఏడాది అంతా ఆ ఊరితోనే.

నన్ను నిజంగా తికమక పెట్టే వాదన ఇంకొకటి ఉంది. సొంత ఆటగాళ్లకు మినహాయింపు ఇస్తే, ట్యాక్స్ కట్టగల ధనవంతుడే ఎక్కువ లాభపడతాడు. స్టెఫెన్ కర్రీ, క్లే థాంప్సన్, డ్రేమాండ్ గ్రీన్ ముగ్గురూ గోల్డెన్ స్టేట్ డ్రాఫ్ట్ చేసినవాళ్లే. 2021–22లో ఆ జట్టు సుమారు 17 కోట్ల ట్యాక్స్ కట్టి టైటిల్ గెలిచింది. 2012లో ఓక్లహోమా సిటీ మాత్రం ఫైనల్ ఆడిన కొద్ది నెలలకే, ట్యాక్స్ భయంతో జేమ్స్ హార్డెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. అప్పటికి సెకండ్ ఏప్రన్ ఊసు లేదు. డబ్బు తేడా ఉన్నంత కాలం నేను అడిగే మార్పు ఆ తేడాను పూడ్చదు, ఇది ఒప్పుకోవలసిందే.

నేను అడిగే మార్పు

ఆటగాళ్ల వాటా ఎలాగూ లీగ్ ఆదాయంలో 49 నుంచి 51 శాతం మధ్యే ఉంటుంది కనక, ఈ మార్పు వల్ల మొత్తం జీతాల ఖర్చు పెరగదు. ట్యాక్స్‌ను ముట్టుకోనక్కరలేదు, పూర్తి జీతం మీదే కట్టించుకోవచ్చు. ఏప్రన్ లెక్కలో మాత్రం సొంత ఆటగాడి జీతంలో నాలుగింట మూడు వంతులే చేర్చాలి. అలా చేస్తే డెన్వర్ ముగ్గురి 14 కోట్లు ఏప్రన్ దృష్టిలో 10.5 కోట్లు అవుతాయి. పోర్టర్‌ను ఉంచుకోవాలా పంపాలా అన్నది అప్పుడు కోచ్ నిర్ణయం అవుతుంది. ఫీనిక్స్‌కు బుకర్ ఒక్కడి మీదే ఊరట దక్కుతుంది. కావాలని ఓడి పిక్‌లు పోగేసేవాళ్లకు ఇది వరమవుతుందన్న భయం ఉంటే, రెండో కాంట్రాక్టు నుంచే మినహాయింపు మొదలుపెట్టాలి. నాలుగేళ్లు పెంచిన తర్వాతే దక్కే ఫలం కోసం ఎవరూ ఒక సీజన్‌ను పారేసుకోరు.

సొంత ఆటగాడంటే ఎవరన్నది కొత్తగా వెతకనక్కరలేదు. సూపర్‌మ్యాక్స్ నిబంధనలో ఆ నిర్వచనం ఇప్పటికే ఉంది: జట్టు డ్రాఫ్ట్ చేసినవాడు, లేదా మొదటి కాంట్రాక్టు కాలంలోనే ట్రేడ్‌లో ఆ జట్టుకు వచ్చినవాడు. 2019లో పాల్ జార్జ్‌ను ఇచ్చి క్లిప్పర్స్ నుంచి తెచ్చుకున్న షే గిల్జస్-అలెగ్జాండర్ ఈ నిర్వచనం ప్రకారమే ఓక్లహోమా సిటీవాడయ్యాడు. 2025లో ఆ జట్టు అతనితో నాలుగేళ్లకు 28.5 కోట్ల ఒప్పందం రాసుకోగలిగింది. దానికి నేను చేర్చమనేది ఒక్క వాక్యం: డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోకపోతే, మొదటి కాంట్రాక్టు ఏ జట్టు ఇచ్చిందో ఆ జట్టువాడే. ఆ వాక్యం లేకపోతే ఓక్లహోమా సిటీ ఆటగాడే అయిన లుగెన్జ్ డార్ట్ బయటే ఉండిపోతాడు. 2019 డ్రాఫ్ట్‌లో అరవై పేర్లలో అతని పేరు లేదు. చిన్న కాంట్రాక్టుతో మొదలై టైటిల్ జట్టు డిఫెన్స్‌కు ముందు వరస మనిషి అయ్యాడు. అదే జట్టులోని చెట్ హోమ్‌గ్రెన్, జేలెన్ విలియమ్స్‌ల పెద్ద జీతాలు 2026–27 నుంచి మొదలవుతాయి. డార్ట్‌ను, ఐజయా హార్టెన్‌స్టైన్‌ను ఉంచుకునే ఆప్షన్ జట్టు చేతిలో ఉన్నది సరిగ్గా ఆ సీజన్‌కే. మార్పు రాకపోతే ఆ ఇద్దరి సంగతి తేల్చేది వాళ్ల ఆట కాదు, ఆ ఏడాది సెకండ్ ఏప్రన్ అంకె.